డేటా విశ్లేషణలో వర్కింగ్ డైరెక్టరీ, ఫైలు పాత్‌లు

ఒక స్క్రిప్టు ఏ ఫైలును చదవాలో, ఫలితాన్ని ఏ ఫోల్డరులో రాయాలో చెప్పే చిరునామాను ఫైలు పాత్ అంటారు. స్క్రిప్టు నడిచేటప్పుడు కంప్యూటరు ఏ ఫోల్డరును ‘ఇక్కడ’ అనుకుంటుందో అదే వర్కింగ్ డైరెక్టరీ. మొదటి నుంచీ పూర్తిగా రాయని పాత్‌లన్నిటినీ అక్కడి నుంచే లెక్కగడుతుంది. గణాంక పద్ధతుల మీద పుస్తకాలకు పుస్తకాలు వచ్చాయి గానీ ఈ విషయానికి చాలా పాఠ్యపుస్తకాల్లో ఒక పేరా కూడా దక్కదు. ఒకరి కంప్యూటర్లో తేలిన అంకె ఇంకొకరి కంప్యూటర్లో మళ్లీ తేలుతుందా లేదా అన్నది మాత్రం చాలాసార్లు ఇక్కడే తేలిపోతుంది. విశాఖపట్నంలో ఇది ఊరి జనానికి సంబంధించిన సంగతి కూడా. రేవు చుట్టూ బొగ్గు, ఇనుప ఖనిజాల ధూళి ఎంత, తీరం వెంట సముద్ర మట్టం ఎలా మారుతోంది, ఉక్కు కర్మాగారంలో ఏ కొలిమి ఎంత ద్రవ ఇనుము ఇస్తోంది అన్న లెక్కల మీద ఇక్కడి బతుకులు ఆధారపడి ఉన్నాయి. లెక్క చెప్పినవారు ఊళ్లో లేకపోయినా ఇంకొకరు దాన్ని మళ్లీ చేసి చూసుకోగలగాలి. అందుకే ఈ వ్యాసంలో ఉదాహరణలు వీలైనంతవరకు విశాఖవే.

పూర్తి పాత్, సాపేక్ష పాత్

పాత్‌లు రెండు రకాలు. డిస్కు మొదటి నుంచి ఫైలు దాకా అన్ని ఫోల్డర్లనూ వరసగా చెప్పేది పూర్తి పాత్. విండోస్‌లో ఇది డ్రైవు అక్షరంతో మొదలవుతుంది: డి:\విశాఖ\ధూళి\2023\జనవరి.సీఎస్‌వీ. లినక్స్‌లో, మ్యాక్‌లో వాలుగీతతో మొదలవుతుంది: /హోం/విశాఖ/ధూళి/2023/జనవరి.సీఎస్‌వీ. వర్కింగ్ డైరెక్టరీ నుంచి దారి చెప్పేది సాపేక్ష పాత్: ధూళి/2023/జనవరి.సీఎస్‌వీ. ఇందులో ఒక చుక్క అంటే ఉన్న ఫోల్డరే, రెండు చుక్కలంటే దానికి పైనున్న ఫోల్డరు.

రేవులోకి వచ్చే ఓడకు డాల్ఫిన్స్ నోస్ కొండ ఎడమ చేతి వైపు ఉంటుంది, రేవు విడిచి సముద్రంలోకి పోయే ఓడకు కుడి చేతి వైపు. అక్షాంశ రేఖాంశాల్లో చెబితే ఆ కొండ చోటు ఎవరికైనా ఒక్కటే. పూర్తి పాత్‌కూ సాపేక్ష పాత్‌కూ ఉన్న తేడా ఇదే. పోలిక ఇక్కడితో ఆగుతుంది, ఎందుకంటే కంప్యూటర్లలో పూర్తి పాత్ కూడా ఆ ఒక్క యంత్రంలోనే చెల్లుతుంది. నా కంప్యూటర్లో డి డ్రైవు ఉంటే మీ ల్యాప్‌టాప్‌లో ఉండకపోవచ్చు. ఉన్నా అందులో ‘విశాఖ’ అనే ఫోల్డరు ఉండాలన్న నియమం లేదు. అందువల్ల ఒకే యంత్రంలో పూర్తి పాత్ నమ్మకమైనది. పదిమంది చేతులు మారే పనిలో సాపేక్ష పాత్ మేలు, అదీ అందరికీ ఒకటే మొదలు కుదిరినప్పుడు. ఆ మొదలును ఎలా కుదర్చాలన్నదే ఈ విషయంలో అసలు ప్రశ్న.

ఎక్కడి నుంచి వచ్చింది

ఫోల్డరులో ఫోల్డరు ఉండే చెట్టులాంటి అమరికకు 1960ల నాటి మల్టిక్స్ వ్యవస్థ పేరు తెచ్చింది. అందులో ఫోల్డరు పేర్ల మధ్య ‘>’ గుర్తు వాడేవారు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్ దాని బదులు ముందుకు వాలిన గీతను తీసుకుంది. ఆ తొలిరోజుల సంగతి ఒకటి రిచీ తర్వాత రాశారు. ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంను పిల్ల ప్రాసెస్‌గా పుట్టించే పద్ధతిని యూనిక్స్‌లో కొత్తగా చేర్చాక, డైరెక్టరీ మార్చే ఆజ్ఞ పనిచేయడం మానేసింది. కారణం వెతికితే తేలింది: ఆజ్ఞ పిల్ల ప్రాసెస్‌లో నడిచి, ఆ పిల్ల వర్కింగ్ డైరెక్టరీని మార్చి, దానితోపాటే ముగిసిపోతోంది. తల్లి ఉన్నచోటే ఉంటోంది. దాంతో ఆ ఆజ్ఞను, టైపు చేసిన ఆజ్ఞలను చదివి నడిపించే షెల్ అనే ప్రోగ్రాం తనలోనే అమలు చేసేలా మార్చారు. నేటికీ సీడీ ఆజ్ఞ షెల్‌లో అంతర్భాగమే.

ఈ చిన్న ఉదంతంలో ఉన్న సూత్రం విశ్లేషకులకు రోజూ ఎదురవుతుంది. వర్కింగ్ డైరెక్టరీ ఫైలుకు చెందిన లక్షణం కాదు, స్క్రిప్టుకు చెందినది కూడా కాదు. నడుస్తున్న ప్రాసెస్‌కు చెందినది. పుట్టించిన ప్రోగ్రాం నుంచి అది వారసత్వంగా వస్తుంది. అందుకే ఒకే స్క్రిప్టును నాలుగు రకాలుగా నడిపితే నాలుగు వేర్వేరు ‘ఇక్కడ’లు దొరకవచ్చు.

మైక్రోసాఫ్ట్ డాస్ 1981లో వచ్చినప్పుడు అందులో ఫోల్డర్లే లేవు. 1983 నాటి రెండో వెర్షన్‌లో చేర్చేటప్పటికి ముందుకు వాలిన గీత ఆజ్ఞల ఐచ్ఛికాలకు వాడుకలో ఉంది. కాబట్టి వెనక్కి వాలిన గీత, అంటే బ్యాక్‌స్లాష్, తీసుకున్నారు. ఆ నిర్ణయపు బరువును విండోస్‌లో ఆర్, పైథాన్ రాసేవారు ఇప్పటికీ మోస్తున్నారు. ఈ భాషల్లో కొటేషన్ల మధ్య బ్యాక్‌స్లాష్‌కు వేరే పని ఉంది: దాని వెంట ఇంగ్లీషు చిన్నబడి ‘ఎన్’ వస్తే కొత్త లైను, ‘టి’ వస్తే ట్యాబు. విండోస్ అడ్రస్ బార్ నుంచి పాత్‌ను కాపీ చేసి అతికిస్తే, ‘యూజర్స్’ ముందున్న బ్యాక్‌స్లాష్‌ను యూనికోడ్ సంకేతంగా అనుకుని రెండు భాషలూ అక్కడే ఆగిపోతాయి. ముందుకు వాలిన గీతలు రాస్తే విండోస్ కూడా ఒప్పుకుంటుంది. అన్నిటికంటే సులువైన విరుగుడు అదే. బ్యాక్‌స్లాష్‌లను ఉన్నవి ఉన్నట్టు తీసుకునే రా స్ట్రింగ్ పైథాన్‌లో ఎప్పటినుంచో ఉంది, ఆర్‌లోకి 2020లో 4.0.0 వెర్షన్‌తో వచ్చింది.

నిశ్శబ్దంగా జరిగే తప్పు

పాత్ తప్పితే మామూలుగా ‘ఫైలు దొరకలేదు’ అన్న సందేశం వస్తుంది. చిరాకు కలిగినా అది మంచి తప్పు, ఎందుకంటే తానున్నట్టు తనే చెబుతుంది. భయపడాల్సింది ఏ సందేశమూ రాని తప్పుకు.

విశాఖ ఉక్కు కర్మాగారంలో మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి: గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. ఎవరో ఒక విశ్లేషకురాలు మూడింటికీ మూడు ఫోల్డర్లు పెట్టి, ప్రతిదానిలోనూ దినసరి.సీఎస్‌వీ అనే పేరుతోనే ఫైలు ఉంచారనుకుందాం. స్క్రిప్టు మొదట గోదావరి ఫోల్డరులోకి వెళ్లి ఆ ఫైలు చదువుతుంది. తర్వాత కృష్ణ ఫోల్డరులోకి మారి అదే పేరున్న ఫైలు చదవాలి. పని మధ్యలో ఆపి, లైన్లను ఎంచుకుని ఒక్కొక్కటిగా నడుపుతున్నప్పుడు ఫోల్డరు మార్చే లైను తప్పిపోయిందనుకోండి. గోదావరి అంకెలే కృష్ణ పేరుతో పట్టికలోకి ఎక్కుతాయి. నిలువు వరసల పేర్లు సరిగ్గానే ఉంటాయి, అంకెలు నమ్మదగినట్టే ఉంటాయి, ఎర్ర అక్షరాలు ఎక్కడా కనిపించవు. రెండు కొలుముల ఉత్పత్తి ఒకేలా ఉందన్న నిర్ధారణ మాత్రం నివేదికలోకి వెళ్లిపోతుంది.

కాబట్టి స్క్రిప్టు మధ్యలో వర్కింగ్ డైరెక్టరీని మార్చడం మంచి అలవాటు కాదని ఈ వ్యాసకర్త గట్టి అభిప్రాయం. ఫోల్డరు పేరు పాత్‌లోనే కనిపించాలి: కొలిమి/కృష్ణ/దినసరి.సీఎస్‌వీ అని. ఇంకా మేలైనది, ఫైలు పేరులోనే కొలిమి పేరు ఉండటం. చదివిన వెంటనే పాత్‌ను కూడా ఒక నిలువు వరసగా పట్టికకు చేర్చితే ప్రతి అంకె ఏ ఫైలు నుంచి వచ్చిందో చివరిదాకా తెలుస్తూనే ఉంటుంది. రాసే ఫైళ్లకు ఇది మరింత ముఖ్యం. చదవాల్సిన ఫైలు తప్పితే తప్పుడు జవాబు వస్తుంది, రాయాల్సిన చోటు తప్పితే అసలు డేటా మీదే రాత పడి అది పోతుంది. ముడి డేటా ఫోల్డరును చదవడానికి మాత్రమే వీలయ్యేలా పెట్టడం ఒక్క నిమిషం పని.

భాషలు, పనిముట్లు

ఆర్‌లో గెట్‌డబ్ల్యూడీ ప్రస్తుత వర్కింగ్ డైరెక్టరీని చెబుతుంది, సెట్‌డబ్ల్యూడీ మారుస్తుంది. స్క్రిప్టు మొదటి లైనులో సెట్‌డబ్ల్యూడీ రాసి, అందులో తన కంప్యూటర్లో మాత్రమే ఉండే పూర్తి పాత్ పెట్టడం చాలామందికి అలవాటు. ఆ అలవాటు మానకపోతే కార్యాలయానికి వచ్చి మరీ కంప్యూటరుకు నిప్పు పెడతానని ఆర్ నిపుణురాలు జెన్నీ బ్రయన్ 2017లో ఒక సదస్సులో హెచ్చరించారు. ఆ మాట ఆర్ వాడేవారిలో బాగా ప్రచారమైంది. ఆమె సూచించిన మార్గం ప్రాజెక్టు పద్ధతి. ఒక పనికి సంబంధించినవన్నీ ఒక ఫోల్డరులో ఉంటాయి. ఆర్‌స్టూడియోలో ఆ ప్రాజెక్టును తెరిస్తే వర్కింగ్ డైరెక్టరీ దానంతటదే ఆ ఫోల్డరు అవుతుంది. కిరిల్ ముల్లర్ రాసిన ‘హియర్’ ప్యాకేజీ మరో అడుగు వేసింది. అది ప్రాజెక్టు ఫైలు, గిట్ ఫోల్డరు లాంటి గుర్తుల కోసం పైపైకి వెతుక్కుంటూ వెళ్లి మొదలును తనే కనిపెడుతుంది. ప్రాజెక్టు లోపల ఏ ఉపఫోల్డరు నుంచి మొదలుపెట్టినా పాత్ ఒకటే తేలుతుంది.

ఈ వెతుకులాట ఎందుకు అవసరమో, కోడునూ వివరణనూ ఒకే పత్రంలో రాసి నివేదిక తీసే ఆర్ మార్క్‌డౌన్ వాడినవారికి వెంటనే అర్థమవుతుంది. అదే కోడును కన్సోల్‌లో నడిపితే ప్రాజెక్టు మొదలే వర్కింగ్ డైరెక్టరీ. నివేదికగా తయారుచేస్తే మామూలుగా ఆ పత్రం ఉన్న ఫోల్డరు. పత్రాన్ని ‘నివేదికలు’ అనే ఉపఫోల్డరులో పెట్టినవారికి ఉదయం నడిచిన కోడు సాయంత్రం నివేదిక తీసేటప్పుడు ఆగిపోతుంది.

పైథాన్‌లో ఓఎస్ మాడ్యూలు గెట్‌సీడబ్ల్యూడీ, సీహెచ్‌డీఐఆర్ అనే ఫంక్షన్లతో ఇవే పనులు చేస్తుంది. 2014లో 3.4 వెర్షన్‌తో వచ్చిన పాత్‌లిబ్ పాత్‌ను ఉత్త అక్షరాల దండలా కాక ఒక వస్తువుగా చూస్తుంది. భాగాలను కలిపితే ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌కు తగిన గీతలు దానికి పడతాయి. స్క్రిప్టు తాను ఉన్న ఫైలు చోటును ‘ఫైల్’ అనే ప్రత్యేక చరరాశి నుంచి తెలుసుకుని, అక్కడి నుంచి ప్రాజెక్టు మొదలును లెక్కకట్టడం పైథాన్‌లో బాగా స్థిరపడిన పద్ధతి. జూపిటర్ నోట్‌బుక్‌లో ఆ చరరాశి ఉండదు, నోట్‌బుక్ ఉన్న ఫోల్డరే వర్కింగ్ డైరెక్టరీగా మొదలవుతుంది. విజువల్ స్టూడియో కోడ్ మామూలుగా తెరిచిన ఫోల్డరు మొదలు నుంచి స్క్రిప్టును నడుపుతుంది. తరగతిలో సగం మందికి నడిచి సగం మందికి నడవని కోడు వెనుక చాలాసార్లు ఉండేది ఈ తేడానే.

టిల్డే (~) గుర్తు అందరి హోం ఫోల్డరునూ సూచిస్తుందని అనుకుంటాం. విండోస్‌లో ఆర్‌కు అది సాధారణంగా డాక్యుమెంట్స్ ఫోల్డరు, పైథాన్‌కు దానికి పైనున్న వాడుకరి ఫోల్డరు. రెండు భాషలూ కలిపి వాడే పనిలో టిల్డే జోలికి పోకపోవడమే మంచిది.

ఈ జాగ్రత్తలు లేకపోతే ఎంత నష్టమో కొలిచినవారున్నారు. అనా ట్రిసోవిచ్, సహచరులు హార్వర్డ్ డేటావర్స్‌లో పరిశోధకులు దాచిన 9,000కు పైగా ఆర్ ఫైళ్లను మళ్లీ నడిపి చూశారు. ఫలితాలు 2022లో సైంటిఫిక్ డేటా పత్రికలో వచ్చాయి. మొదటి ప్రయత్నంలో 74 శాతం తప్పుతో ఆగిపోయాయి. పాత్‌లు సరిదిద్దడం వంటి శుభ్రతతో మళ్లీ నడిపితే అది 56 శాతానికి తగ్గింది. అందరికీ చూపడానికే దాచిపెట్టిన కోడు పరిస్థితి ఇది.

ఒక జిప్ ఫైలు నేర్పేది

విశాఖ రేవులో 1933 అక్టోబరు 7న ఓడల రాకపోకలు మొదలయ్యాయి. ప్రపంచ సముద్ర మట్టాల కొలతలను ఒకచోట చేర్చే పీఎస్‌ఎంఎస్‌ఎల్ సంస్థ కూడా 1933లోనే ఏర్పడింది, ఇప్పుడది లివర్‌పూల్‌లో ఉంది. విశాఖ మట్టాల నెలవారీ సగటులు దాని దగ్గర 1937 నుంచి ఉన్నాయి. బంగాళాఖాతపు తీరం గురించి మాట్లాడేవారికి ఇది చాలా విలువైన వరస.

ఆ సంస్థ డేటాను ఇచ్చే తీరు పాత్‌ల దృష్టితో చూస్తే ముచ్చటగా ఉంటుంది. అన్ని కేంద్రాల డేటా ఒక జిప్ ఫైలులో వస్తుంది. విప్పితే ఒక జాబితా ఫైలు, దాని పక్కన ‘డేటా’ అనే ఫోల్డరు, ఆ ఫోల్డరులో కేంద్రానికొక ఫైలు. ఫైలు పేరు ఊరి పేరు కాదు, కేంద్రం సంఖ్య. విశాఖది 414. జాబితాలో సంఖ్య, ఊరు, అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి. ఎవరు ఎక్కడ విప్పినా జాబితాకూ ఫైలుకూ మధ్య దారి మారదు కాబట్టి, జిప్ విప్పిన చోటును ఒక్కసారి చెబితే మిగతా పాత్‌లన్నీ స్క్రిప్టే కట్టుకోగలదు.

సొంత డేటాను కూడా ఇలాగే అమర్చుకోవచ్చు. విలియం నోబుల్ 2009లో జీవశాస్త్ర గణనల కోసం రాసిన మార్గదర్శి వ్యాసం డేటాకు ఒకటి, కోడుకు ఒకటి, ఫలితాలకు ఒకటి ఫోల్డర్లు పెట్టమంటుంది. ఫలితాలను తేదీల వారీగా ఉంచమంటుంది. ధూళి మీద పనిచేసే విద్యార్థికి అది చాలు: ముడి, కోడు, ఫలితాలు, ఇవన్నీ ఉండే ఒక ప్రాజెక్టు మొదలు. యంత్రాన్ని బట్టి మారే పాత్ ఏదైనా ఉంటే, ఉదాహరణకు డేటా పెద్దదై వేరే డిస్కులో ఉంటే, దాన్ని ఒక్క సెట్టింగుల ఫైలులో రాసి కోడు నుంచి బయట ఉంచాలి.

రాత్రి షిఫ్టులో నడిచే స్క్రిప్టు

కర్మాగారాల్లో, రేవుల్లో రోజువారీ నివేదికలు మనిషి లేకుండానే తయారు కావాలి. పగలు చేత్తో నడిపితే సరిగ్గా నడిచిన స్క్రిప్టు రాత్రి షెడ్యూలరు నడిపితే ఆగిపోవడం చాలాచోట్ల కనిపించేదే. లినక్స్‌లో క్రాన్ అనే షెడ్యూలరు పనిని వాడుకరి హోం ఫోల్డరు నుంచి మొదలుపెడుతుంది. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో ‘స్టార్ట్ ఇన్’ అనే గడిని ఖాళీగా వదిలితే స్క్రిప్టు సాధారణంగా సిస్టమ్32 ఫోల్డరులో మేలుకుంటుంది. సాపేక్ష పాత్‌లన్నీ అక్కడి నుంచి వెతకడం మొదలుపెడతాయి. ఆ గడి నింపడం తేలికైన మార్గం. స్క్రిప్టు తన మొదలును తనే కనిపెట్టుకునేలా రాయడం గట్టి మార్గం.

నెట్‌వర్క్ డ్రైవులు ఇంకో చిక్కు. ఒక బల్ల దగ్గర జెడ్ డ్రైవుగా ఉన్న ఉమ్మడి ఫోల్డరు పక్క బల్ల దగ్గర వై డ్రైవు కావచ్చు. ఆ అక్షరాలు లాగిన్ అయిన మనిషికి కట్టినవి, రాత్రి వేరే ఖాతాతో నడిచే పనికి అవి అసలు కనిపించకపోవచ్చు. రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలై సర్వరు పేరు, ఉమ్మడి ఫోల్డరు పేరు చెప్పే నెట్‌వర్క్ పాత్ రాస్తే ఈ బెడద తప్పుతుంది. లోతైన ఫోల్డర్లు ఇష్టపడేవారికి విండోస్‌లో 260 అక్షరాల పరిమితి కూడా ఉంది. విండోస్ 10లో 2016 నుంచి దాన్ని సడలించుకునే వీలు కల్పించారు గానీ, ఆ సెట్టింగు మార్చాలి, ప్రోగ్రాం కూడా దాన్ని గుర్తించాలి.

ఊరి పేరు, ఫైలు పేరు

విశాఖపట్నానికి ఇంగ్లీషులో ఎన్ని స్పెల్లింగులో. పీఎస్‌ఎంఎస్‌ఎల్ ‘ఎస్’ పక్కన ‘హెచ్’ చేర్చి రాస్తుంది, ప్రభుత్వ పోర్టళ్లు ‘హెచ్’ లేకుండా రాస్తాయి. రైల్వేకు వీఎస్‌కేపీ, విమానాశ్రయానికి వీటీజెడ్, పాత దస్తావేజుల్లో వైజాగపటం, వాల్తేరు. నాలుగు చోట్ల నుంచి ధూళి, వాన, రవాణా డేటా తెచ్చుకునేవారు ఫైలు పేర్లకు ఒక రూపం ఎంచుకుని దానికే కట్టుబడాలి. పెద్దబడి, చిన్నబడి అక్షరాలు లినక్స్‌కు వేర్వేరు, విండోస్‌కు ఒకటే. సొంత ల్యాప్‌టాప్‌లో నడిచినది విశ్వవిద్యాలయం సర్వర్లో నడవకపోవడానికి ఇదో సాధారణ కారణం.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో ఇక్కడి గాలి కొలత కేంద్రం పేరులో జీవీఎం కార్పొరేషన్, ఊరు, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి పొడి పేరు ఏపీపీసీబీ, వాటి మధ్య కామా, గీత, ఖాళీలు అన్నీ ఉన్నాయి. ఆ పేరును అలాగే ఫైలుకు పెడితే షెల్ ఖాళీ ఉన్నచోటల్లా దాన్ని ముక్కలు చేసి చదువుతుంది. తేదీలదీ ఇదే కథ. హుద్‌హుద్ తుపాను తీరం దాటిన రోజును మనం 12/10/2014 అని రాసుకుంటాం, ఆ వాలుగీతలు ఫైలు పేరులో పడితే రెండు ఫోల్డర్ల మెట్లు అవుతాయి. 2014-10-12 అని రాస్తే పాత్ చెడదు, అమెరికాలో చదివేవారు డిసెంబరు 10 అనుకోరు, ఫైళ్లు కాలక్రమంలో వరసగా కూర్చుంటాయి.

ఫైలు పేర్లు తెలుగు లిపిలో పెట్టుకోవచ్చా? పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి కూడా. తెలుగులో పనిచేసే ఉద్యోగి తన ఫైలు పేరు కోసం ఇంగ్లీషు వెతుక్కోనక్కర్లేదు. కాకపోతే కొన్ని తెలిసి ఉండాలి. విండోస్‌లో తెలుగు యూనికోడ్‌తోనే నడుస్తుంది. విండోస్ మీద ఆర్ 2022లో 4.2.0 వెర్షన్‌తోనే యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8ను తన సొంత ఎన్‌కోడింగ్ చేసుకుంది. అంతకు ముందరి వెర్షన్లలో తెలుగు పాత్‌లు చదవడం కష్టంగానే ఉండేది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి, విశాఖపట్నం అన్న పేరుకు 10 సంకేతాలు, 30 బైట్లు. లినక్స్‌లో ఫైలు పేరుకు పరిమితి 255 బైట్లు కాబట్టి 85 తెలుగు సంకేతాలకు మించి పట్టవు.

అన్నిటికంటే సూక్ష్మమైనది ఐత్వం. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వం గుర్తు, దాని కింద ఐత్వపు దీర్ఘ చిహ్నం అని రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే. పాత మ్యాక్‌ల హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైలు వ్యవస్థ పేర్లను విడగొట్టి రెండో రూపంలో దాచేది. ‘వైజాగ్’ అనే ఫోల్డరును అక్కడి నుంచి లినక్స్‌కు తెస్తే 18 బైట్ల పేరు 21 బైట్లు అయి ఉండవచ్చు. స్క్రిప్టులో మీరు కీబోర్డుతో కొట్టిన ‘వైజాగ్’ దానికి సరిపోలదు. ‘ఫైలు’ అన్న మాటకూ ఇదే గతి. పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు చేర్చే కనబడని విడదీత సంకేతం ఇంకో చిక్కు. పేరు చివర పొల్లు వచ్చి వెంటనే చుక్కో గీతో పడితే, ఆ సంకేతం ఉందో లేదో చూపుతో చెప్పలేం. పైథాన్‌లో యూనికోడ్‌డేటా మాడ్యూలు, ఆర్‌లో స్ట్రింగి ప్యాకేజీ పేర్లను ఒకే రూపానికి తెస్తాయి. ఫోల్డరులోని పేర్లను కంప్యూటర్నే చదివించి, వాటిని ఆ రూపానికి తెచ్చాక పోల్చుకుంటే తెలుగు పాత్‌లు నిక్షేపంగా పనిచేస్తాయి.

క్లౌడ్‌లో

2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 5 ఏళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో ఏఐ హబ్ పెడతామని ప్రకటించింది. అమెజాన్ హైదరాబాద్ క్లౌడ్ ప్రాంతం 2022 నవంబరు నుంచే నడుస్తోంది. డేటా ఇలాంటి చోట్లకు చేరాక పాత్ స్వభావం మారుతుంది. 2006లో వచ్చిన అమెజాన్ ఎస్3 తరహా నిల్వలో మామూలుగా నిజమైన ఫోల్డర్లు ఉండవు. ప్రతి వస్తువుకూ ఒక పొడుగాటి పేరు ఉంటుంది, అందులోని వాలుగీతలను చూసి తెర మీద ఫోల్డర్లలా గీసి చూపిస్తారు. అక్కడ ‘ఇక్కడ’ అనే చోటు లేదు, కాబట్టి వర్కింగ్ డైరెక్టరీ అనే మాటకు అర్థం లేదు. ప్రతి పేరూ పూర్తిగానే రాయాలి. ‘ధూళి’ ఫోల్డరు పేరు మార్చాలంటే దాని కింద కనిపించే ప్రతి వస్తువునూ కొత్త పేరుతో కాపీ చేసి పాతదాన్ని తీసేయాలి. మొదలును ఒకే సెట్టింగుగా బయట పెట్టి రాసిన స్క్రిప్టుకు మాత్రం ఈ మార్పు భారం కాదు. ఆ ఒక్క లైనులో డిస్కు ఫోల్డరు బదులు ఆ నిల్వలో వస్తువులుండే ‘బకెట్’ పేరు రాసి, దాన్ని చదవగల లైబ్రరీని జతచేస్తే, దాని కింద ధూళి/2023/జనవరి.సీఎస్‌వీ అన్న భాగం ఉన్నదున్నట్టే చెల్లుతుంది.